సంక్రాంతి లోపు వెనక డ్రమ్ములు విప్పించండి!

వాడరేవు, రామాపురం, వేటపాలెం, ఈపూరుపాలెం, చీరాల ఊళ్లలో సొంత కారు, ట్యాక్సీ, ఆటో ఉన్న ప్రతి ఒక్కరికీ, వాటిని బాగుచేసే మెకానిక్ అన్నలకీ, రవాణా శాఖ అధికారులకీ ఈ విన్నపం.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో తిరిగే ప్రతి చిన్న కారుకీ ఏడాదికోసారి వెనక బ్రేక్ డ్రమ్ములు విప్పి చూడాలి. తుప్పు తిన్న సామాను గీకి మళ్లీ బిగించడం మానేసి, కొత్తది వేయాలి. మేం అడిగేది ఇదే.

ఆల్టో, వ్యాగనార్, పాత మారుతి 800 లాంటి బండ్లకు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ బ్రేకులు ఉంటాయి. డిస్కు మీద గీత పడ్డా, తుప్పు పట్టినా చక్రం సందుల్లోంచి చూడొచ్చు. డ్రమ్ము సంగతి అలా కాదు. చక్రం ఊడదీసినా లోపల ఏం జరిగిందో తెలీదు, డ్రమ్మును లాగితేనే తెలుస్తుంది. పైగా బండిని ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులే చేస్తాయి. అందుకే వెనకవి సగం చచ్చిపోయినా రోజూ చీరాల వెళ్లొచ్చే మనిషికి తేడా తెలియదు. వాన పడుతున్న రోజున, బండి నిండా ఇంటిల్లిపాదీ ఉండగా, గేదె అడ్డం వచ్చి గట్టిగా తొక్కినప్పుడు తెలుస్తుంది. వెనక ఒక చక్రం పట్టి రెండోది పట్టకపోతే బండి పక్కకు తిరుగుతుంది.

మన దగ్గర తుప్పు ఇంత తొందరగా ఎందుకు పడుతుంది? సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పుంటుంది. అలలు విరిగినప్పుడు లేచే తుంపర గాలిలో కలిసి వచ్చి ఇనుము మీద కూర్చుంటుంది. నీరు ఆరినా ఉప్పు పోదు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఆ ఉప్పే తేమను పీల్చుకుని మళ్లీ తడవుతుంది. ముసురు రోజుల్లో వంటింట్లో ఉప్పు జాడీ నీరు కారడం మన ఆడవాళ్లందరికీ తెలిసిందే, డ్రమ్ము లోపల కూడా అదే జరుగుతుంది. మన తీరంలో చాలా రాత్రులు తేమ అంతకంటే ఎక్కువే. అంటే వాన లేని రోజున కూడా, ఇంటి ముందు ఆపిన బండి బ్రేకులు ఉప్పునీళ్లలో నానుతున్నట్టే లెక్క. నరసరావుపేటలోనో పర్చూరులోనో పత్తి చేల మధ్య తిరిగే కారుకు ఈ బాధ లేదు. కంపెనీ సర్వీసు పుస్తకంలో రాసిన గడువును మెట్ట ఊళ్ల వాళ్లు పాటిస్తే చాలేమో, మనకు చాలదు.

దీనికి తోడు మనం చేసేవి కొన్ని ఉన్నాయి. ఆదివారాలు, కార్తీక పౌర్ణమి స్నానాల నాడు బండ్లను తడి ఇసుకలోకి దింపుతాం. చేపల పెట్టెలు వేసుకున్న ఆటోల వెనకనుంచి ఐసు కరిగిన ఉప్పునీళ్లు చక్రాల మీదికి కారుతూనే ఉంటాయి. ఆటోలకైతే చాలావాటికి మూడు చక్రాలూ డ్రమ్ములే. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి తుఫాను తర్వాత ఇంటి పైకప్పు చూసుకుంటాం, పడవ చూసుకుంటాం. నీళ్లలో నిలబడిన బండికి డ్రమ్ము విప్పించిన వాళ్లు మాత్రం అరుదు.

తుప్పు డ్రమ్ము లోపల ఒక్కచోటే పట్టదు. వెనక ఉండే బ్యాకింగ్ ప్లేటు మీద షూలు (డ్రమ్ముకు లోపలినుంచి ఒత్తుకుని చక్రాన్ని ఆపే వంపు రేకులు) జారే చోట్ల తుప్పు గట్టుకట్టి షూ ఇరుక్కుపోతుంది. తొక్కినప్పుడు కదలదు, లేదా కదిలి వెనక్కి రాదు. వెనక్కి రాకపోతే చక్రం కాలిపోతుంది, మైలేజీ పడిపోతుంది. షూలను డ్రమ్ముకు దగ్గరగా ఉంచే అడ్జస్టరు బిగుసుకుపోతే, షూ మీది లైనింగు అరిగిన కొద్దీ పెడల్ కిందికి దిగిపోతుంది, హ్యాండ్ బ్రేకు ఎంత పైకి లాగినా పట్టు దొరకదు. స్ప్రింగు తుప్పుతో సన్నబడి ఏదో ఒక రోజు తెగి డ్రమ్ములో పడుతుంది. ఇంకోటి, చాలామంది గమనించనిది: షూ రేకుకీ దాని మీద అంటించిన లైనింగుకీ మధ్యకు తుప్పు పాకి, లైనింగును పైకి ఎత్తేస్తుంది. పైనుంచి చూస్తే లైనింగు మందంగానే ఉంటుంది. “ఇంకా బోలెడు ఉందిలే” అని బిగించేస్తారు. అది రేకునుంచి ఊడి డ్రమ్ములో అడ్డం పడితే ఆ చక్రం తిరగకుండా పట్టేస్తుంది.

అన్నిటికంటే ప్రమాదం వీల్ సిలిండర్‌తో. మనం పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి రెండు షూలను బయటికి నెట్టేది ఇదే. దాని రబ్బరు తొడుగు చిరిగితే తేమ లోపలికి వెళ్లి, నున్నగా ఉండాల్సిన గోడ మీద గుంటలు పడతాయి. ఆ గుంటల మీద రాసుకుని రబ్బరు కప్పు తెగుతుంది, ఆయిలు చెమర్చి లైనింగుకు పడుతుంది. ఆయిలు తాగిన లైనింగు ఎంత కడిగినా పనికిరాదు. “ఆయిలు తగ్గింది, కాస్త పోయి అన్నా” అని పోయించుకుని వెళ్లిపోవడం మనకు అలవాటు. బ్రేక్ ఆయిల్ ఆవిరైపోయే వస్తువు కాదు. డబ్బాలో మట్టం తగ్గిందంటే లైనింగులైనా అరిగి ఉండాలి, ఎక్కడో కారుతూనైనా ఉండాలి. రెండింటికీ డ్రమ్ము విప్పాల్సిందే.

బ్రేక్ ఆయిల్ కూడా తేమ పీలుస్తుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 140 డిగ్రీలకు దిగుతుంది. వేడికి మరిగితే పైపులో బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. తేమ పట్టిన ఆయిలు సిలిండర్‌ను లోపలినుంచీ తింటుంది. రెండేళ్లకోసారి మొత్తం ఆయిలు మార్చడం మన ఊళ్లో తప్పనిసరి అనుకోండి.

మెకానిక్ అన్నలకు ఒక మాట. మీ కష్టం మాకు తెలుసు. తుప్పు పట్టిన డ్రమ్ము ఊడదు, గిరాకీ తొందరపెడతాడు, ఖర్చు చెబితే మొహం మాడ్చుకుంటాడు. అయినా డ్రమ్మును సుత్తితో ఎడాపెడా బాదకండి. చాలా మారుతి డ్రమ్ముల మీద రెండు మరల రంధ్రాలుంటాయి, వాటిలో 8 ఎం.ఎం. బోల్టులు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. లోపలి దుమ్మును గాలి పైపుతో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు, అది మీ ఊపిరితిత్తుల్లోకే పోతుంది. తడిగుడ్డతో తుడవండి. సిలిండర్ రబ్బర్లను పెట్రోలుతో, డీజిలుతో కడగకండి, ఉబ్బిపోతాయి. గుంటలు పడ్డ సిలిండర్‌కు ఎమరీ కాయితం రుద్ది కొత్త వాషర్లు వేయడం వద్దు, సిలిండరే మార్చండి. షూలు, స్ప్రింగులు ఒక పక్కకే వేసి పంపకండి, రెండు పక్కలా వేయండి. డ్రమ్మును లేత్ మీద తీయించే ముందు దాని మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం చూడండి, అది దాటితే ఆ డ్రమ్ము తుక్కు కిందే లెక్క. ఊడదీసిన పాత సామాను సంచిలో వేసి బండి యజమానికి చూపించండి. ఆ తుప్పు కళ్లారా చూసినవాడు వచ్చే ఏడు మీరు పిలవకుండానే వస్తాడు.

ఖర్చు మాటకొస్తే, డ్రమ్ములు పోనంతవరకు చిన్న కారుకు రెండు పక్కలా షూలు, సిలిండర్లు, స్ప్రింగుల ధర ఒక కొత్త టైరు ధరకు పెద్దగా మించదు. టైరు నున్నబడితే మనం మారుస్తాం, ఎందుకంటే అది కంటికి కనిపిస్తుంది.

ఇక ప్రభుత్వం పని. మోటారు వాహన తనిఖీ అధికారిని మన జనం “బ్రేక్ ఇన్‌స్పెక్టర్” అనే పిలుస్తారు. కానీ సొంత కారు రిజిస్టరైన నాటినుంచి 15 ఏళ్ల దాకా ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లనక్కర్లేదు. సముద్రం ఒడ్డున 15 ఏళ్లంటే డ్రమ్ము లోపల ఏమీ మిగలదు. బ్రిటన్‌లో చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి బండ్లదీ ఇదే తుప్పు బాధ. అక్కడ కారుకు మూడేళ్లు నిండినప్పటినుంచి ఏటా పరీక్ష ఉంది, అందులో బ్రేకులూ చూస్తారు. మనకు చట్టం మారేదాకా ఆగాల్సిన పనిలేదు. ఏటా జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలు జరుపుతున్నారు, హెల్మెట్ ర్యాలీలు, కంటి పరీక్షలు పెడుతున్నారు. బాపట్ల జిల్లా రవాణా అధికారులు ఆ నెలలో వాడరేవులో ఒక బ్రేకుల తనిఖీ శిబిరం పెట్టాలని, ట్యాక్సీలకూ ఆటోలకూ ఫిట్‌నెస్ ఇచ్చేటప్పుడు వెనక కుడి ఎడమ చక్రాల పట్టు విడివిడిగా కొలవాలని కోరుతున్నాం. బీచ్ దగ్గర బండ్లు ఆపే చోట చక్రాలు కడుక్కోవడానికి ఒక మంచినీటి కుళాయి పెట్టించాలని పంచాయతీని అడుగుతున్నాం.

సంక్రాంతి లోపు అని గడువు పెట్టడానికి కారణం ఉంది. అప్పటికి కార్తీక స్నానాలు అయిపోతాయి, తుఫాన్ల కాలం సద్దుమణుగుతుంది, అంటే ఉప్పు తగలాల్సినంత తగిలి ఉంటుంది. పండక్కి హైదరాబాదునుంచి పిల్లలు దిగుతారు, వాళ్లను ఎక్కించుకుని ఊళ్లు తిరుగుతాం. విప్పించేదేదో అంతకుముందే విప్పించాలి. ఈలోగా రాత్రుళ్లు సముద్రం పక్కన బండి ఆపితే హ్యాండ్ బ్రేకు లాగి వదిలేయకండి, షూలు డ్రమ్ముకు పట్టేస్తాయి. చదును చోట గేరులో పెట్టి, చక్రానికి రాయో చెక్కో అడ్డం వేయండి.

రేపు పొద్దున బండి తీసేముందు వంగి వెనక చక్రాల లోపలి వైపు ఒకసారి చూడండి. అక్కడ తడి మరక గాని, టైరు గోడ మీద జిడ్డు చార గాని కనిపిస్తే ఆ బండిని షెడ్డుదాకా కూడా నడపకండి. మెకానిక్‌నే ఇంటికి పిలవండి.