చిన్న కేసుల పెద్ద జడ్జి

లా చదివిన అమ్మాయికి మనవాళ్లు తప్పకుండా ఇచ్చే సలహా ఒకటుంది. "క్రిమినల్ కేసులు నీకెందుకమ్మా, విడాకులూ మనోవర్తీ చూసుకో, చాలు!" అంటే అవి చిన్న కేసులనేగా? పిల్లాడు ఎవరి దగ్గర పెరగాలి, పుట్టింటికొచ్చిన పిల్ల ఎలా బతకాలి అన్నవి చిన్న విషయాలుటండీ!

2025 జూన్‌లో జస్టిస్ బేలా త్రివేది రిటైరయ్యాక మన సుప్రీంకోర్టులో ఒక్క మహిళా న్యాయమూర్తే మిగిలారు. ఆడవాళ్లు పై కోర్టులకి ఏ దారిన వెళ్తారా అని ఆలోచిస్తే, ఆ "చిన్న" కేసుల దారినే వెళ్లిన ఇంగ్లండు జడ్జి ఎలిజబెత్ బట్లర్-స్లాస్ గుర్తొచ్చారు నాకు.

ఆమె 1933లో పుట్టారు. యూనివర్సిటీ డిగ్రీ లేకుండానే 1955లో బారిస్టరయ్యారు. ముగ్గురు పిల్లల తల్లి. 1970లో విడాకులూ వీలునామాల వ్యవహారాలు చూసే రిజిస్ట్రీలో రిజిస్ట్రార్ అయ్యారు, 1979లో హైకోర్టు ఫ్యామిలీ డివిజన్ జడ్జి అయ్యారు. ఆ రోజుల్లో అక్కడ ఆడజడ్జి అంటే ఫ్యామిలీ డివిజనే. క్వీన్స్ బెంచ్‌లోకి మొదటి మహిళ వచ్చింది 1992లో!

1987లో క్లీవ్‌లాండ్ ప్రాంతంలో 121 మంది పిల్లలపై లైంగిక అత్యాచారం జరిగిందని డాక్టర్లు చెప్పారు. చాలామందిని తల్లిదండ్రుల నుంచి వేరుచేశారు. ఊరంతా రెండుగా చీలింది. విచారణ ఈమెకి అప్పగించారు. పెద్దవాళ్ల తగువులో పిల్లల మాట వినేవాళ్లే లేకపోయారనీ, పిల్లలూ మనుషులేననీ 1988లో ఆమె ఇచ్చిన నివేదిక తేల్చింది. మరుసటి ఏడాది వచ్చిన పిల్లల చట్టం, కోర్టు పిల్లల ఇష్టాయిష్టాలు కూడా చూడాలని చెప్పింది.

అదే 1988లో అప్పీలు కోర్టుకి మొదటి మహిళా జడ్జి అయ్యారు. కానీ చట్టంలో ఉన్న పదవి పేరు "లార్డ్ జస్టిస్". అందుకని ఆమెనీ లార్డ్ అనే రాశారు! "లేడీ జస్టిస్" అని పిలవమని కోర్టు పెద్దలు చెప్పడానికి 1994 దాకా పట్టింది. ఆ కోర్టుకి రెండో మహిళ, బ్రెండా హేల్, వచ్చింది 1999లో. అంటే పదకొండేళ్లు ఈమె ఒక్కరే.

1999లో ఫ్యామిలీ డివిజన్ అధ్యక్షురాలయ్యారు. 2002లో, మెడ కింద చచ్చుబడిన ఒకామె తనకి పెట్టిన శ్వాసయంత్రం తీసేయమని కోర్టుకెక్కింది. ఈ జడ్జి ఆస్పత్రికే వెళ్లి మంచం పక్కన ఆమె మాట విన్నారు. వద్దనే హక్కు రోగికి ఉందని తీర్పిచ్చారు. అవతలివాళ్ల మాట నిదానంగా వినడం ఇంటి కేసులు నేర్పే విద్యే అనిపిస్తుంది నాకు.

అయితే ఒక మాట దాచకూడదు. ఆమె తండ్రి జడ్జి, అన్న అటార్నీ జనరల్‌గా చేసి లార్డ్ ఛాన్సలర్ అయినవాడు. ఆ అండ ఎంతమంది ఆడపిల్లలకి ఉంటుంది?

మన ఫ్యామిలీ కోర్టుల చట్టం, 1984లో వచ్చింది, జడ్జీలుగా మహిళలకి ప్రాధాన్యమివ్వమంది. మంచిదే. కానీ ఆ గదిలో కూర్చోబెట్టి అక్కడే ఉంచేస్తే ఏం లాభం? పై కోర్టులకి మనుషుల్ని ఎంచేటప్పుడు ఈ అనుభవాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. మనమూ ఇంటి అమ్మాయికి "ఇవి చాలు" అని చెప్పడం మానాలి.