ఇంజను కాగిన డ్రైవరు నేరమా?



జంషెడ్‌పూరులో మే నెల ఎట్లుండునో అచటి తెలుగు కార్మికులకు ఎవరును చెప్పనక్కరలేదు. 40 డిగ్రీలు దాటిన ఎండ, రోడ్డు నిండ లారీల బారులు, వాటి నడుమ టాటానగర్ స్టేషను నుండి తపాలా సంచులతో బయలుదేరిన మోటారు బండి. అది కొంతసేపు కదలక నిలిచినచో రేడియేటరు పొంగును, ఇంజను ఆగును. మరునాడు డ్రైవరుకు సంజాయిషీ నోటీసు! ఆ నోటీసు భయముతోనే కాగుచున్న రేడియేటరు మూత విప్పి, ఒత్తిడితో చిమ్ము నీటికి చేతులు, ముఖము కాల్చుకొను డ్రైవర్లున్నారు.

నేరమెవరిది? పాత తరహా బండిలో ఫ్యాను బెల్టు ద్వారా ఇంజనుతోనే తిరుగును. బండి నిలిచి ఇంజను మందగించిన ఫ్యానూ మందగించును. ఎదురుగాలి లేదు, ఫ్యాను గాలి చాలదు. గాలి మిక్కిలి అవసరమైన వేళనే గాలి కరవు! ఇది డ్రైవరు చేతి లోపమా, బండి అమరికలోని లోపమా?

నివారణ లేక కాదు. విద్యుత్ ఫ్యాను ఇంజను వేగముపై ఆధారపడదు. నీరు నిర్ణీత వేడికి చేరగానే స్విచ్చి దానిని తిప్పును, చల్లబడగానే ఆపును. చిన్న కార్లలో ఇది దశాబ్దములుగా సామాన్యమే.

రైల్వే సోదరులకు ఈ సూత్రము క్రొత్త కాదు. డబ్ల్యు.ఏ.జి.-5 తరగతి విద్యుత్ ఇంజనులో ట్రాక్షన్ మోటార్లకు, ట్రాన్స్‌ఫార్మరు నూనెకు, రెక్టిఫయరుకు వేర్వేరు విద్యుత్ బ్లోయర్లు గాలి నందించును. అందు ముఖ్యమైనది తిరుగనిచో రిలే పనిచేసి ప్రధాన సర్క్యూట్ బ్రేకరు తెగిపోవును. అచట యంత్ర రక్షణ డ్రైవరు అప్రమత్తత కొక్కదానికే వదలబడలేదు. తపాలా బండికి మాత్రము వేరు న్యాయమేల?

"ఖర్చు, ఆల్టర్నేటరుపై భారము" అని అధికారులు సాకు చెప్పుదురు. ఇందు కొంత నిజమున్నది. పెద్ద ఇంజనుకు చిన్న కారు ఫ్యాను చాలదు. ఆల్టర్నేటరు శక్తి లెక్కింపవలెను, తగిన రిలే, ఫ్యూజు అమర్చవలెను. పూడిన రేడియేటరును, చెడిన థర్మోస్టాటును అట్లే ఉంచి ఫ్యాను బిగించుట బూడిదలో పోసిన పన్నీరే. కాని ఈ లెక్కలు చూడవలసినది వర్క్‌షాపు; స్టీరింగు పట్టినవాడు కాదు.

ఈ నగరమునకు ఈ విద్య తెలియనిదా? 1945లో ఇచట స్థాపితమైన టెల్కో 1970 వరకు ఆవిరి ఇంజనులను నిర్మించినది. 1954 నుండి లారీలను తయారుచేసినది. అట్టి ఊరిలో ఒక ఫ్యాను బిగించుట అసాధ్యమనిన ఎవరు నమ్ముదురు?

కావున మన కోర్కెలు ఇవి:

1. వర్క్‌షాపు సాంకేతిక నివేదిక లేనిదే ఏ డ్రైవరుకును నోటీసు ఇవ్వరాదు.

2. ఏటా వేసవికి ముందే రేడియేటరు, థర్మోస్టాటు, బెల్టు తనిఖీ చేయవలెను.

3. తరచు నిలిచి సాగు మార్గముల బండ్లకు, ఇంజనుకు తగిన విద్యుత్ ఫ్యాన్లు అమర్చవలెను.

4. ఇంజను చల్లారువరకు బండి నిలుపు హక్కును డ్రైవరుకు వ్రాతపూర్వకముగా ఇయ్యవలెను.

యంత్రము కాగిన గాలి కావలెను, నోటీసు కాదు. నేడు తపాలా డ్రైవరుపై పడిన నింద రేపు లోకో పైలట్‌పై పడదను హామీ లేదు. శాఖలు వేరైనను మన గొంతు ఒక్కటి కావలెను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!