టామీకి తలంటు... ఏ సీసాతో?

సినిమాలో కుక్కకుండే వైభోగం చూస్తే క్యారెక్టర్ ఆర్టిస్టులకి కూడా కన్నుకుడుతుంది! 1994లో 'హమ్ ఆప్కే హై కౌన్' వచ్చింది. తెలుగులో 'ప్రేమాలయం' పేరుతో చూశాం. అందులో తెల్లటి టఫీ క్రికెట్ ఆటకి అంపైరింగ్ చేసింది, ఆఖర్న ఉత్తరం మోసుకెళ్ళి కథని కంచికి చేర్చింది. ఇంకేం? పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ 'మనకీ ఓ బొచ్చుకుక్క కావాలి' అన్న గోల మొదలు. 2003లో సెల్‌ఫోన్ ప్రకటనలో ముడతల మొహం పగ్ ఓ బుడతడి వెనకాల నడిచింది. జనం దాని జాతి పేరే మార్చేసి 'హచ్ కుక్క' అన్నారు. 2022లో '777 చార్లీ' చూసి ఏడ్చినవాళ్ళు లాబ్రడార్ పిల్లల కోసం వాకబు చేశారు.

ఏ తెర మీద చూడండి, కుక్క నిగనిగలాడుతూ వుంటుంది. దాని జూలు దువ్వినట్టుంటుంది. ఆ నిగారింపు వెనక నీళ్ళు పోసిన చెయ్యి వొకటి వుంటుంది. అది ఏ సీసాలోంచి ఏం వొంపిందో మాత్రం టైటిల్స్‌లో వెయ్యరు! అందుకే మనం కుక్కనైతే తెచ్చుకుంటాం గానీ, దానికి తలంటు పోసేనాడు అల్మారాలో చేతికందిన సీసా తీస్తాం.

ఈ వారం మన శీర్షికకి గాంధీనగర్ నుంచి వొక పాఠకురాలి ప్రశ్న వచ్చింది. 'మా కుక్కపిల్లకి రెండు నెలలు. వొళ్ళంతా గోమార్లు. షాపులో గోమార్ల షాంపూ ఇచ్చారు. ఇంట్లో పిల్లి కూడా వుంది. పిల్లకి ఆ షాంపూతో స్నానం చేయించొచ్చా?'

అమ్మా, ముందు ఆ సీసా మూత బిగించి పైన పెట్టండి. తక్కినది చదివాక తీద్దురు గాని.

రెండు నెలల హీరోకి ఫైట్ సీనా?

గోమార్ల షాంపూ అంటే వట్టి సబ్బునురగ కాదు, అందులో పురుగుమందు వుంటుంది. కొన్నిట్లో పెర్మెత్రిన్ జాతి మందులు, స్నానంనీళ్ళలో కలిపే వేరే ద్రావణాల్లో అమిట్రాజ్. పెద్ద కుక్క తట్టుకునే మోతాదు పసిపిల్ల తట్టుకోలేదు. దాని చర్మం పలచన, కాలేయం ఇంకా ముదరలేదు, పైగా వొళ్ళంతా నాక్కుంటుంది. అమిట్రాజ్‌ని నాలుగు నెలల లోపు పిల్లలకి వాడరాదు. తక్కిన పురుగుమందు షాంపూలకి కూడా సీసా మీద కనీస వయసు రాసి వుంటుంది. వయసు రాయని సీసా అయితే అసలు కొననే వద్దు.

ఇక పిల్లి సంగతి. పెర్మెత్రిన్‌ని కుక్క కాలేయం విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ శక్తి లేదు. స్నానం చేసిన కుక్కని ఆనుకుని పడుకున్నా, దాని వొళ్ళు నాకినా చాలు, పిల్లికి వొణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి పిల్లి వున్న ఇంట్లో పెర్మెత్రిన్ సీసాకి ప్రవేశం లేదు.

మరి గోమార్ల మాటో? పిల్లని వొళ్ళో పడుకోబెట్టుకుని సన్నపళ్ళ దువ్వెనతో దువ్వండి. పట్టుకున్న గోమారిని చర్మానికి ఆనించి పట్టకారుతో నిదానంగా నిటారుగా లాగి, సబ్బునీళ్ళ గిన్నెలో వెయ్యండి. గోళ్ళతో నలపకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. తరవాత పిల్లని డాక్టరుకి చూపించండి. మీకు దగ్గర్లోనే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల వుంది. పిల్ల బరువూ వయసూ చూసి ఏ మందు ఎంత వెయ్యాలో వాళ్ళు చెబుతారు.

ఇంకో రహస్యం. షాంపూ చంపేది ఆ రోజు వొంటిమీదున్న గోమార్లనే. నీళ్ళతో కడిగేశాక దాని ప్రభావం పెద్దగా మిగలదు. ఆడ గోమారి నెత్తురు తాగి కిందికి దిగి, గోడ నెర్రెల్లో, తలుపు సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. విలన్ ఇంట్లో దాక్కుంటే హీరోకి పదిసార్లు నీళ్ళు పోసి లాభమేమిటి? కుక్క పడుకునే గుడ్డ వేడినీళ్ళలో ఉతకాలి, గోడ మూలలు తుడవాలి, నెర్రెలు పూడ్చాలి. గోమార్లని తేలిగ్గా తీసుకోకూడదు. వాటి కాటు వల్లే కుక్కలకి ఎర్లీకియా, బెబీసియా జ్వరాలు వస్తాయి. తిండి మానెయ్యటం, చిగుళ్ళు తెల్లబడటం, ముక్కులోంచి నెత్తురు కనిపిస్తే ఇంకో స్నానం కాదు, డాక్టరే దిక్కు.

మన షాంపూ దానికెందుకు పనికిరాదు?

'నేను వాడేదే దానికీ వాడుతున్నా, నాకంటే ఎక్కువా?' అని కొందరి ధీమా. ఎక్కువ కాదండీ, వేరు! మన చర్మం కొంచెం పుల్లటిది. పి.హెచ్. లెక్కలో సుమారు 5.5. కుక్క చర్మం దాదాపు 7, అంటే ఇంచుమించు మంచినీళ్ళ లెక్క. జాతిని బట్టి కాస్త అటూ ఇటూ వుంటుంది. మన చర్మం పైపొరలో కణాల వరసలు పది పదిహేను వుంటే, కుక్కకి మూడు నుంచి ఐదే. మన తలలోని జిడ్డు వొదిలించటానికి తయారుచేసిన షాంపూ దాని వొంటిమీద సహజంగా వుండే నూనెని కూడా వూడ్చేస్తుంది. వొక్కసారి పోస్తే కొంప మునగదు గానీ, వారం వారం పోస్తే చర్మం పొడిబారి, పొట్టు రాలి, దురద పట్టుకుంటుంది. అది గోక్కుంటే పుండు, పుండు మీద చీము. అందుకే సీసా మీద 'పి.హెచ్. బ్యాలెన్స్‌డ్' అని కనిపిస్తే సంబరపడకుండా 'ఎవరికి?' అని అడగండి. 'కుక్కలకి' అని స్పష్టంగా రాసి వుండాలి.

'మరి కుంకుడుకాయో? ప్రకృతి సిద్ధం కదా!' అంటారా? కుంకుడు రసం కంట్లో పడితే ఎలా వుంటుందో ఆదివారం తలంట్లు పోయించుకున్న ప్రతి తెలుగు బిడ్డకీ తెలుసు. మనం కళ్ళు మూసుకుని ఏడ్చాం, కుక్కకి ఆ కిటుకు తెలియదు. పైగా ఆ రసం నాకితే చొంగ కారుతుంది, వాంతులవుతాయి. ప్రకృతిలో పాలూ వున్నాయి, ఉమ్మెత్తకాయా వుంది. టీ ట్రీ ఆయిల్ చెట్టు నుంచి వచ్చేదే అయినా, చిక్కటిది పూస్తే కుక్కకి వొణుకు, నీరసం, నడక తూలటం వస్తాయి. కర్పూరం నూనె కూడా వద్దు. నేల తుడిచే ఫినాయిలు బకెట్లో రెండు చుక్కలు కలిపే అలవాటు కొన్ని ఇళ్ళలో వుంది. అది చర్మాన్ని కాలుస్తుంది, నాకితే విషం. గాయాలు కడిగే ఘాటు లోషన్లూ స్నానంనీళ్ళలో వెయ్యకూడదు.

సీసా మీద డైలాగులు

మన దేశంలో 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టంలో కాస్మెటిక్ అంటే మనిషి శరీరానికి వాడేదని నిర్వచనం. అంటే వొట్టి శుభ్రానికి అమ్మే కుక్క షాంపూ ఆ మాట కిందికి రాదు. జంతువులకి వాడే మందులు మాత్రం అదే చట్టంలో మందుల కిందికే వస్తాయి. కాబట్టి 'నేచురల్', 'జెంటిల్', 'హెర్బల్' లాంటి మాటల్ని సినిమా పోస్టరు మీద 'సూపర్ హిట్' అన్న మాట లాగే తీసుకోండి. చూడాల్సింది వెనకవైపు చిన్నక్షరాలు. ఏమేం కలిపారు? ఎంత వయసు దాటిన కుక్కకి? గడువు తేదీ ఎప్పుడు? తయారుచేసిన వాళ్ళ చిరునామా వుందా? ఈ నాలుగూ లేకపోతే సీసా తిరిగిచ్చెయ్యండి. వాసన తక్కువైనది, రంగు లేనిది మేలు. కుక్క ముక్కుకి మన గులాబీ అత్తరు లౌడ్‌స్పీకరు లాంటిది. 'టియర్‌లెస్' అంటే కంట్లో పడితే మంట తక్కువ అని మాత్రమే, కళ్ళు కడగమని కాదు.

చర్మరోగముంటే కథ వేరు. క్లోర్‌హెక్సిడిన్ బాక్టీరియాకి, మైకోనజోల్, కీటోకొనజోల్ బూజుకి పనిచేస్తాయి. ఏ రోగమో తేల్చాల్సింది డాక్టరు. ఈ మందు షాంపూలు రాసిన వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. సుమారు పది నిమిషాలు వొంటిమీద వుండాలి. అంటే సినిమాలో రెండు పాటలంత సేపు! అంతసేపూ నాకకుండా చూసుకోవాలి, కళ్ళలో పడనివ్వకూడదు.

ఏ స్టారుకి ఏ తలంటు?

టఫీ లాంటి బొచ్చుకుక్కకి నీళ్ళు పొయ్యకముందే దువ్వాలి. చిక్కు తడిస్తే మరింత బిగుస్తుంది. దానికి రెండు పొరల బొచ్చు, లోపొర ఆరకపోతే చర్మం పాచిపోతుంది. తెలుపు కోసం బట్టల బ్లీచింగులు వద్దే వద్దు. పగ్‌కి మొహం ముడతల్లో నురగ మిగలకుండా తుడిచి పొడిగా ఆర్పాలి. చార్లీ లాంటి లాబ్రడార్‌కి నీళ్ళు అంటని జిడ్డు బొచ్చు దేవుడిచ్చిన రెయిన్‌కోటు, ఘాటు షాంపూతో దాన్ని చింపకండి. అశోక్‌నగర్ హాస్టళ్ళలో పరీక్షలకి చదువుకుంటూ వీధికుక్కకి బిస్కెట్టు పెట్టి మచ్చిక చేసుకున్న కుర్రాళ్ళకో శుభవార్త! మన నాటుకుక్కది పొట్టి వెంట్రుక. నెలకోసారో, బురదలో దొర్లిన నాడో స్నానం చాలు. తక్కిన వాటికీ రెండు నుంచి నాలుగు వారాలకోసారి పోస్తే ఎక్కువ.

విధానం చిన్నదే. గోరువెచ్చటి నీళ్ళు. చెవుల్లో దూది, అయ్యాక తియ్యటం మరవద్దు. షాంపూ నేరుగా వొంటిమీద వొంపకుండా మగ్గు నీళ్ళలో కలిపి పొయ్యండి. మెడ చుట్టూ ముందు నురగ గట్టు కడితే, గోమార్లు తలలోకి పరుగెత్తవు. బోరునీళ్ళ ఇళ్ళలో సబ్బుబిళ్ళ తెట్టు కట్టి వెంట్రుకల్లో మిగిలిపోతుంది. రాసినంత సేపుకి రెండింతలు కడగండి. తరవాత దురదలకి చాలాసార్లు కారణం షాంపూ కాదు, కడగని షాంపూ! తువ్వాలుతో తుడిచి, నీడలో గాలికి ఆరనివ్వండి.

ఎనిమిది వారాల లోపు పిల్లకైతే అసలు తలంటు వద్దు. గోరువెచ్చటి తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డలో చుట్టండి. దాని వొళ్ళు వేడిని నిలుపుకోలేదు, షాంపూ కంటే ముందు చలే దాన్ని దెబ్బతీస్తుంది.

చివరిగా, స్నానం తరవాత కుక్క చొంగ కారుస్తూ వొణికితే, తూలితే, మళ్ళీ మంచినీళ్ళతో బాగా కడిగి డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. వెళ్ళేప్పుడు సీసా కూడా తీసుకెళ్ళండి. డాక్టరుకి ముందు తెలియాల్సింది అందులో ఏముందనే!

గాంధీనగర్ పాఠకురాలికి మరోమాట. మీ పిల్ల పెద్దదై నిగనిగలాడుతూ ఇందిరా పార్కు పక్కన షికారు చేస్తుంటే, క్రాస్ రోడ్స్ హాళ్ళకి పోయే జనం 'ఏ సినిమాలో చేసిందండీ?' అని అడక్క మానరు. అప్పుడు చెప్పండి, షాంపూ ఏదైనా సరే, ముందు సీసా వెనక చదివాననీ!