కిందికి పడిన ముల్లు
మే ఎండలో నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కే లారీలో టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరిగితే డ్రైవర్ బండి పక్కకు ఆపుతాడు. అదే ముల్లు ఉన్నట్టుండి చల్లటి వైపు పడిపోతే గండం గడిచిందనుకుని ముందుకే పోతాడు. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం. గేజ్‌కు కబురు పంపే సెన్సర్ ఇంజన్‌ను చల్లబరిచే నీళ్లలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. పైపు పగిలి నీళ్లు దానికంటే కిందికి దిగితే అది గాలిలోనో ఆవిరిలోనో ఉండి వేడిని తక్కువ చూపొచ్చు. ఈలోగా లోపల ఇంజన్ హెడ్ వేడికి వంగిపోతుంటుంది. అందుకే గేజ్ మీద అనుమానమొస్తే, ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదట రేడియేటర్ మూత తీసి చూడాలి. నీళ్లు నిండుగా ఉంటే అప్పుడు సెన్సర్ వైరు సంగతి. ఒకే వైరున్న పాత బండ్లలో చాలావాటికి, తాళం ఆన్ చేసి వైరు ఊడదీస్తే ముల్లు చల్లటి కొసకు, దాన్ని క్షణంపాటు ఇంజన్ ఇనుముకు తాకిస్తే వేడి కొసకు పోవాలి. పోతే గేజ్, వైరు బాగున్నట్టే, తప్పు చాలావరకు సెన్సర్‌దే. ‘ఇంత తతంగమెందుకు, సెన్సర్ అగ్గువే కదా, మార్చేస్తే సరి’ అంటారు. అగ్గువే. కానీ లీకు అట్లనే ఉంటే కొత్త సెన్సరూ గాలిలోనే ఉంటుంది. ఎండాకాలం రాగానే థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని కవాటం) పీకేయించిన బండ్లలోనైతే చిక్కు ఇంకా ముదురుతుంది: ముల్లు సాధారణంగా ముందునుంచీ కిందే ఉంటుంది కాబట్టి, పడిపోయిన సంగతి పసిగట్టడం కష్టం.