నెలలు నిండని బిడ్డకు రెండు వయసులు

‘డాక్టరుగారూ, మా మనవడికి ఆరు నెలలు నిండాయి. పక్కింటి పాప ఈపాటికి చక్కగా బోర్లాపడి ఆడుకునేది. వీడికి మెడ ఇప్పుడిప్పుడే నిలుస్తోంది. ఏమైనా లోపమా?’ ఓపీలో ఓ బామ్మగారు అడిగిన ప్రశ్న ఇది. ఫైలు చూస్తే బిడ్డ 30 వారాలకే పుట్టాడు. అంటే పది వారాలు ముందే వచ్చేశాడు. ఆ రెండున్నర నెలలు తీసేస్తే ఎదుగుదల లెక్కలో వాడి వయసు మూడున్నర నెలలే. ఆ వయసుకు మెడ అంతే నిలుస్తుంది.

నెలలు నిండకుండా, 1,500 గ్రాముల లోపు బరువుతో పుట్టిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే ఈ లెక్క గుర్తుంచుకోండి. నవ్వడం, కూర్చోవడం, నడవడం, మాటలు రావడం... వీటన్నిటికీ రెండేళ్ల వరకు కాన్పుకు డాక్టరు ఇచ్చిన తేదీ నుంచే వయసు లెక్కించాలి. టీకాలకు మాత్రం పుట్టిన తేదీయే లెక్క.

ఈ పిల్లల తీరూ కాస్త వేరు. పాలు తాగుతూనే నిద్రలోకి జారుకుంటారు. వెలుతురును, టీవీ మోతను, చేతులు మారడాన్ని తట్టుకోలేరు. ముఖం తిప్పుకోవడం, వేళ్లు విప్పార్చడం, ఎక్కిళ్లు, ఆవులింతలు చాలాసార్లు ‘ఇక చాలు’ అని చెప్పే సైగలే. అప్పుడు ఆడించడం ఆపి, గుండెలకు హత్తుకుని పడుకోబెట్టుకోండి. ఒంటికి ఒళ్లు తగిలే ఆ వెచ్చదనం అమ్మే కాదు, నాన్నా ఇవ్వొచ్చు.

అయితే ఈ లెక్కను అడ్డం పెట్టుకుని అశ్రద్ధ చేయకూడదు. ‘ముందే పుట్టాడు కదా, నెమ్మదిగా వస్తాయిలే’ అనుకుంటూ ఓ తల్లి ఏడాది దాటాక బిడ్డను తీసుకొచ్చింది. అప్పటికే కాళ్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఫిజియోథెరపీ ఆరు నెలల ముందే మొదలుపెట్టి ఉంటే ఎంతో మేలు జరిగేది. తప్పు ఆమె ఒక్కరిదే కాదు. డిశ్చార్జి కాగితం మీద తేదీలు రాస్తాం గానీ, ఎందుకు రావాలో వివరించే తీరిక మాకూ ఉండటం లేదు.

అందుకే ఇక్కడ చెబుతున్నాను. పుట్టిన నాలుగు వారాల్లోపు రెటీనా పరీక్ష చేయించాలి. మరీ ముందుగా పుడితే ఇంకా త్వరగా. చూపును పోగొట్టే ఆర్‌ఓపీ జబ్బు పైకి కనిపించదు. వినికిడి పరీక్షా తప్పనిసరి. సవరించిన వయసు ప్రకారం మూడు నెలలకీ నవ్వకపోయినా, నాలుగు నెలలు దాటినా మెడ నిలవకపోయినా, ఏడాదిలోపే ఒక చేతినే వాడుతున్నా, కాళ్లు కత్తెరలా బిగుస్తున్నా ఆగకండి. జిల్లా స్థాయి ప్రభుత్వాసుపత్రుల్లోని డీఈఐసీ కేంద్రాల్లో ఈ పరీక్షలు, థెరపీ ఉచితం. బడికెళ్లే వయసులో ఏకాగ్రత, లెక్కల్లో ఇబ్బంది కనిపిస్తే బద్ధకమని తిట్టకుండా, ముందే పుట్టిన సంగతి డాక్టరుకు చెప్పండి.

పక్కింటి పాపతో పోల్చకండి. మీ బిడ్డ ఫైలులోని తదుపరి తేదీ మాత్రం ఇవాళే చూసుకోండి.