అక్షరాన్ని ఎవరి కోసం వంచాలి?

కొన్నేళ్ల కిందట తెలుగు స్త్రీల కథల మీద ఇంగ్లీషులో ఒక వ్యాసం రాశాను. అచ్చయ్యాక చూస్తే వదిన, ముట్టు, పసుపుకుంకాలు అన్న మాటలన్నీ ఇటాలిక్స్‌లో పక్కకి ఒరిగి ఉన్నాయి. ఫ్రెంచి నుంచి వచ్చిన క్లిషే, బూర్జువా మాత్రం నిటారుగా నిలబడి ఉన్నాయి. అడిగితే, పరాయి మాటలకి ఇటాలిక్స్ పెట్టడం మా పద్ధతి అన్నారు. ఎవరికి పరాయి? ఆ కథల్లోని ఆడవాళ్లకా, రాసిన నాకా?

ఇటాలిక్ అక్షరం పుట్టింది పరాయివాళ్లని వేలెత్తి చూపడానికి కాదు. 1501లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ చేతిరాతని పోలిన ఈ అక్షరాలతో వర్జిల్ కావ్యాలని మొత్తంగా అచ్చువేశాడు. పుస్తకాల పేర్లకీ, పరభాషా పదాలకీ గుర్తుగా వాడటం తర్వాత వచ్చిన అలవాటు. ఇందులో మొదటిదానితో నాకు పేచీ లేదు. రెండోదానితోనే ఉంది.

పుస్తకం పేరుకి గుర్తు కావాల్సిందే. తెలుగులో అది మరీ అవసరం. మనకి క్యాపిటల్ అక్షరాలు లేవు. "ఓల్గా స్వేచ్ఛ ఎందరినో కలవరపెట్టింది" అని రాశామనుకోండి. కలవరపెట్టింది 1987 నాటి నవలా, ఆవిడ తీసుకున్న స్వేచ్ఛా? స్త్రీల రచనని వాళ్ల సొంత గొడవగా చదివే విమర్శ మనకి కొత్త కాదు. కొటేషన్ ఎగిరిపోతే 'స్వేచ్ఛ' నవల కాకుండా పోతుంది, రచయిత్రి బతుకు మీద తీర్పు మిగులుతుంది. రంగనాయకమ్మ 'జానకి విముక్తి'కీ ఇదే ప్రమాదం. ఇదంతా ప్రూఫులు దిద్దేవాళ్లు చూసుకునే చిన్న విషయమని ఎలా అనుకుంటాం?

అలాగని తెలుగు అక్షరాన్ని వంచక్కర్లేదు. చాలా ఫాంట్లలో విడిగా ఇటాలిక్ రూపమే ఉండదు. కంప్యూటర్ మామూలు అక్షరాన్నే పక్కకి లాగేస్తుంది. గుళ్లూ ఒత్తులూ చూడటానికి కష్టమవుతాయి. మన అచ్చులో ఎప్పటినుంచో ఉన్న ఒంటి కొటేషన్ చాలు.

ఆ కొటేషన్‌లో ఇంకో మంచి ఉంది. ఇంగ్లీషు పద్ధతిలో పుస్తకానికి ఇటాలిక్స్, అందులోని కథకి కొటేషన్లు. మనకి ఆ ఎక్కువ తక్కువలు లేవు. బండారు అచ్చమాంబ గ్రంథం 'అబలా సచ్చరిత్ర రత్నమాల'కీ, 1902లో ఆమె రాసిన చిన్న కథ 'ధనత్రయోదశి'కీ ఒకటే గుర్తు. పత్రికల్లో కథలుగా వచ్చి, పుస్తకాలకెక్కని స్త్రీల సాహిత్యం ఎంతో ఉన్న మనకి ఈ సమానత్వం చిన్నదేమీ కాదు.

కాబట్టి థీసిస్ రాసేవాళ్లకీ, పత్రికలు నడిపేవాళ్లకీ నేను చెప్పేది ఇదే. నవలైనా కథైనా పేరుకి కొటేషన్ పెట్టండి. రాసిన మనిషి పేరుకి ఏ గుర్తూ వద్దు. ఇంగ్లీషులో రాసేటప్పుడు మాత్రం వదినని నిటారుగా నిలబడనివ్వండి. అర్థం తెలియని పాఠకులు కాస్త కష్టపడి తెలుసుకుంటారు. వాళ్ల మాటల కోసం మనం నిఘంటువులు తిరగేస్తూనే కదా చదువుకున్నాం!