ఓటు సమానము, ఎఱుక అసమానము

ప్రజాస్వామ్యమున ప్రతి పౌరునకును ఓటొక్కటియే. కాని ప్రజావ్యవహారముల నెఱుగుటలో పౌరులెల్లరు సమానులు కారు. ఈ వైషమ్యమును జూపి, సామాన్యులతోడి చర్చ నిష్ప్రయోజనమనియు, నిర్ణయమును తెలిసినవారికే విడుచుట మేలనియు వాదించువారు నేటికిని గలరు. ఈ వాదము క్రొత్తది కాదు. 1935వ సంవత్సరపు ఇండియా ప్రభుత్వ చట్టము ఆస్తి, పన్ను, విద్య మున్నగు అర్హతలను బట్టి ఓటుహక్కు నొసగి, ప్రజలలో అధికసంఖ్యాకులను వెలుపల నిలిపెను.

స్వతంత్ర భారత రాజ్యాంగము ఈ వాదమును త్రోసిపుచ్చినది. 1951వ సంవత్సరపు జనాభా లెక్కల ననుసరించి దేశమున అక్షరాస్యులు నూటికి 18 మందియే. అయినను 1951-52 సంవత్సరముల ప్రథమ సామాన్య ఎన్నికలలో వయోజనులకెల్ల ఓటు లభించెను. చదువురానివారును పెట్టెలపై గుర్తులను జూచి ఓటు వేసిరి.

అయితే గుర్తును పోల్చుకొనుట వేఱు, విషయమును చర్చించుట వేఱు. 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించెను. ఆ సభలో లెక్కలు అధికారి చేతి కాగితములందే యుండినచో, చేతులెత్తుటయే గాని చర్చ యెక్కడిది?

ఇందులకు మార్గము అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముననే కానవచ్చినది. 2005వ సంవత్సరపు గ్రామీణ ఉపాధి హామీ చట్టము క్రింద జరిగిన పనులపై 2006వ సంవత్సరము మొదలుకొని ఇచట సామాజిక తనిఖీలు జరిగినవి. మస్టరులోని పేర్లను, పనిదినములను, చెల్లింపులను గ్రామస్థులయెదుట చదివి వినిపించిరి. వ్రాలు చేయనేరని కూలివాడైనను, తాను పనికి పోయెనో లేదో, పైకము తనకు ముట్టెనో లేదో ఏ అధికారికన్నను బాగుగ నెఱుగును. కాగితమును చదివి వినిపించినతోడనే వాని యెఱుక సాక్ష్యమైనది. దొంగపేర్లును, చెల్లింపులలోని మోసములును ఇట్లు బయల్పడినవి.

కావున చదువురానివాడు ఏమియు నెఱుగడనుట పొరపాటు. వానికి తెలిసినది సభకు రాకుండుటయు, సభకు తెలియవలసినది వానికి చేరకుండుటయు అసలు లోపములు. కేవలము చదువుటయు చాలదు. పెద్దరైతు సన్నిధిని కూలివాడు నోరెత్తుటకు జంకునేని ఆ సభయు నామమాత్రమే యగును.

పంచాయతీ లెక్కలను సరళమైన తెలుగున సభకు ముందుగనే ప్రకటింపవలెను. సభలో బిగ్గరగ చదువవలెను. క్లిష్టవిషయములను పక్షపాతము లేక వివరించుట చదువుకొన్నవారి విధి. ప్రశ్నించినవానికి మఱునాడు పని మాన్పింపకుండుట భూస్వాముల విధి. ఈ రెండును నెఱవేఱినగాని సమానమైన ఓటునకు సార్థకత చేకూరదు.